కిరణహతమైన కణములో వైరసు బ్రతుకు



ఎండను మించిన శుద్ధికారకము లేదని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. పరుపులు ఎండవేయుదుము; విత్తనములు ఎండబోయుదుము; రోగి పండుకొనిన చాపను వాకిట ఎండలో పఱచుదుము. ఈ యాచారమునందు సత్యము కలదు. కాని నడియెండలో చాలసేపు తిరిగిన కొందఱికి కొలది దినములలోనే పెదవి యంచున నీటిపొక్కులు గుంపుగా లేచుటయు మనము చూచుచున్నదే. అవి హెర్పీసు అనెడి వైరసు వలన కలుగునవి. రోగబీజములను హరింపవలసిన యెండ ఈ రోగబీజమునకు మేలుకొలుపు ఎట్లు పాడెను? కిరణము వైరసును తాకినచో ఏమగునన్నది ఒక ప్రశ్న. వైరసునకు ఆశ్రయమిచ్చు కణమును తాకినచో ఏమగునన్నది వేఱొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్న యొక్క చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా కిరణమును గూర్చి రెండు మాటలు. ఇంద్రధనుస్సున మన కన్నులకు గోచరించు కడపటి రంగు ఊదా. దాని కావల కంటికి కానరాని వెలుగు కలదని 1801వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడగు రిట్టరు కనుగొనెను. వెండిలవణము పూసిన కాగితము ఊదారంగు పడినచోట కంటె దాని యావలి చీకటిచోటనే త్వరగా నల్లబడుట అతనికి నిదర్శనమయ్యెను. ఆ కానరాని వెలుగునే అతినీలలోహిత కిరణములందురు. 1877లో ఇంగ్లండునందు డౌన్సు, బ్లంటు అను నిరువురు సూర్యరశ్మి సూక్ష్మజీవుల వృద్ధిని ఆపునని నిరూపించిరి. చర్మమునకు వచ్చు క్షయను కాంతితో చికిత్స చేసినందులకు డెన్మార్కు వైద్యుడు ఫిన్సెను 1903లో నోబెలు బహుమానము నందెను. 1930 ప్రాంతమున అమెరికాలో గేట్సు అను పరిశోధకుడు కిరణములను విడివిడిగా పరీక్షించి, సూక్ష్మజీవులను మిక్కిలిగా చంపునవి ఏవియో, కేంద్రకామ్లము అనెడి పదార్థము మిక్కిలిగా పీల్చుకొనునవియు దాదాపు అవియే యని గుర్తించెను. అనగా బాణము ఎచ్చట తగులుచున్నదో తెలియవచ్చెను.

ఈ కేంద్రకామ్లములలో ముఖ్యమైనది డి.ఎన్.ఏ. దానిని మనకు పరిచితమైన తాళపత్ర గ్రంథముతో పోల్చుకొనుడు. ప్రతి జీవకణమును ఒక యిల్లు. ఆ యింట ఒక గ్రంథము కలదు. ఆ యింటివారు ఏమి చేయవలెనో, ఎట్లు పెరుగవలెనో, అంతయు నాలుగే నాలుగు అక్షరములతో అందు వ్రాయబడియున్నది. గ్రంథమును ప్రతులెత్తు లేఖకులును, దానిని చదివి పనులు నెరవేర్చు పనివారును ఆ యింటనే కలరు. వైరసునకు ఇల్లు లేదు, లేఖకులు లేరు, పనివారు లేరు. అది చిన్న తొడుగులో చుట్టబడిన ఒకటి రెండు పత్రములు మాత్రమే. ఇంట చొరబడి, 'మీ గ్రంథము కట్టిపెట్టి నన్ను ప్రతులెత్తుడు' అని శాసించుటయే దాని బ్రతుకు. ఒక్క పత్రము చొచ్చిన కొలది సేపటికే పదులు, వందలు ప్రతులు బయలుదేరును. తఱచుగా ఇల్లు కూలిపోవును.

బాక్టీరియాలు మిక్కిలి చిన్న జీవులు. వానికిని ఇట్టి శత్రువులు కలవు. 1896లో ఆగ్రాలో పనిచేయుచుండిన హాంకిను అను ఆంగ్లేయుడు, గంగా యమునా జలములు కలరా బాక్టీరియాలను చంపుచున్నవనియు, నీటిని మరగించినచో ఆ శక్తి నశించుననియు వ్రాసెను. అందలి కారణము అప్పటికి తెలియదు. 1915లో ఇంగ్లండున ట్వార్టు, 1917లో పారిసు నగరమున డెరెల్లు, బాక్టీరియాలను కరగించు వైరసులను వేఱువేఱుగా కనుగొనిరి. డెరెల్లు వానికి బాక్టీరియాలను భక్షించునవి యను నర్థము వచ్చునట్లు బాక్టీరియోఫేజీలని పేరుపెట్టెను. సంక్షేపముగా ఫేజి యందము. మన ప్రశ్నకు సమాధానము ఈ ఫేజీలయొద్దనే మొదట లభించెను. ఏలనన, ఒక గాజుపళ్లెరములో కోట్లకొలది బాక్టీరియాలను పెంచి, వానిపై ఫేజిని చల్లి, మఱునాటికి ఎన్నిచోట్ల బాక్టీరియాలు కరగి గుండ్రని ఖాళీలు ఏర్పడినవో లెక్కించినచో, ఎన్ని ఫేజీలు బ్రతికియుండెనో తెలిసిపోవును.

ఇక మొదటి యాశ్చర్యము. ఇల్లు పాడైనచో అతిథికి అన్నము దొరకదని మనమనుకొందుము. 1948లో అమెరికాలో థామసు యాండర్సను ప్రకటించిన పరిశోధన దీనికి విరుద్ధముగానున్నది. ఇ.కోలి యనునది మనుష్యుల ప్రేగులలో నివసించు బాక్టీరియా. దానిని అతినీలలోహిత కిరణములతో చంపి, అందు టి-2 అను ఫేజిని ప్రవేశపెట్టగా, ఆ ఫేజి చక్కగా వృద్ధిచెందెను. చచ్చినదనగా ఇక్కడ అర్థమేమి? ఆ బాక్టీరియా రెండుగా చీలి సంతానము కనజాలదు. అంతవఱకే. దాని గ్రంథము చెడినది గాని, పనివారును పనిముట్లును ఇంకను ఉన్నారు. టి-2 ఫేజియో, తాను చొరబడినతోడనే ఆశ్రయకణపు గ్రంథమును ముక్కలుచేసి ఆ ముక్కలనే తన ప్రతులకు వినియోగించుకొనును. చింపివేయదలచిన గ్రంథము ముందే చెడియున్న దానికేమి నష్టము? సంతానము లేని గృహస్థు అతిథులకు వండిపెట్టినట్లు, మృతప్రాయమైన కణము వైరసును పోషించెను. కాని దెబ్బ మిక్కిలి యెక్కువైనచో పనివారును నశింతురు. అప్పుడు వైరసునకును గతిలేదు. ఆశ్రయకణపు గ్రంథముపై ఎక్కువగా ఆధారపడు ఫేజీలకు ఈ దుర్గతి టి-2 కంటె ముందుగనే వచ్చును.

రెండవ యాశ్చర్యము 1949లో కలిగెను. అమెరికాలో కెల్నరు అను పరిశోధకుడు ఒక జాతి సూక్ష్మజీవుల బీజములను ఈ కిరణములకు గురిచేయుచుండెను. దెబ్బ ఒక్కటే అయినను బ్రతికినవాని సంఖ్య మాత్రము నేడొక విధముగా, రేపొక విధముగా వచ్చుచుండెను. ఉష్ణోగ్రతలో భేదమేమోయని మొదట సందేహించెను. తుదకు కారణము మామూలు వెలుగని తేలెను. అతినీలలోహిత కిరణముచే గాయపడినవి, తరువాత కంటికి కనబడు వెలుగు సోకినచో పునరుజ్జీవించుచుండెను. అదే సంవత్సరమున ఇండియానా విశ్వవిద్యాలయమున డుల్బెకో అను ఇటలీ దేశస్థుడు ఫేజీలయందును ఇదియే కనుగొనెను. దీపముల వెలుగు సోకిన పళ్లెరములలో బ్రతికిన ఫేజీలు ఎక్కువ. చీకటినున్న వానిలో తక్కువ. ఇందొక సూక్ష్మము కలదు. గాయపడిన ఫేజిని ఒంటిగా ఎంత వెలుగులో నుంచినను బాగుపడదు. అది బాక్టీరియాలో ప్రవేశించిన పిదపనే వెలుగు దానికి పనికివచ్చును. అనగా వైద్యుడు వెలుగు కాదు. వైద్యుడు ఇంటనే కలడు, వెలుగు వాని చేతి పనిముట్టు. ఆ వైద్యుని నేడు ఫోటోలయేజు అని పిలుచుచున్నారు.

మూడవ యాశ్చర్యము పారిసు నగరములోని పాస్చరు సంస్థలో జరిగెను. కొన్ని బాక్టీరియాల వంశములలో తరతరములుగా ఫేజి నిద్రాణమైయుండుననియు, ఎప్పుడో ఒకప్పుడు వెలువడుననియు కొందఱు చెప్పుచుండిరి, నమ్మనివారును పలువురుండిరి. ఆంద్రే ల్వోఫు అను విద్వాంసుడు ఒక్కొక్క బాక్టీరియాను వేఱుచేసి, చిన్న నీటిబొట్టులో పెంచి, అది చీలిన కొలది పిల్లలను విడదీయుచు, పందొమ్మిది తరములవఱకు పరీక్షించెను. చుట్టునున్న నీటిలో ఫేజి లేదు; అయినను వంశమున ఫేజిని పుట్టించు శక్తి పోలేదు. కావున ఫేజి యొక్క పత్రము ఆ యింటి గ్రంథములోనే కట్టబడియున్నదని ఊహింపవలసివచ్చెను. దానిని లేపునదేది? ల్వోఫును అతని సహచరులును పలువిధములు ప్రయత్నించి విఫలులైరి. తుదకు 1950లో అతినీలలోహిత కిరణములను ప్రయోగింపగా, కొంతసేపటికి దాదాపు బాక్టీరియాలన్నియు పగిలి ఫేజీలను వెలిగ్రక్కెను. చంపునది యనుకొన్న కిరణము నిద్రించుచున్నదానిని లేపెను. ఈ కృషికిగాను ల్వోఫు 1965లో జాకబు, మోనో అనువారితో గూడ నోబెలు బహుమానము పంచుకొనెను.

నాల్గవది మఱింత విచిత్రము. జెనీవాలో భౌతికశాస్త్రము బోధించి, తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాకు చేరిన జాన్ వైగిల్ 1953లో ఒక పరిశోధన ప్రకటించెను. ఎస్తరు లెడర్‌బర్గు అను విదుషీమణి కనుగొనిన లాంబ్డా ఫేజి దీనికి ఆధారము. వైగిల్ ఆ ఫేజిని కిరణములతో గట్టిగా దెబ్బకొట్టి, ఆరోగ్యముగల బాక్టీరియాలలో ప్రవేశపెట్టెను. బ్రతికినవి కొన్ని మాత్రమే. అట్టి ఫేజినే, ముందుగా తామును కొంచెము దెబ్బతినియున్న బాక్టీరియాలలో ప్రవేశపెట్టెను. బ్రతికినవి అనేక రెట్లు హెచ్చెను! ఆరోగ్యవంతుని యింటికంటె గాయపడినవాని యింటనే గాయపడిన అతిథికి ఎక్కువ ఆదరణ లభించినట్లాయెను. కాని అట్లు బ్రతికిన ఫేజీలలో కొన్నింటి స్వభావము మాఱియుండెను. అనగా వాని పత్రములలో అక్షరములు తప్పుపడినవి. దీనినే ఉత్పరివర్తనమందురు. ప్రాణము దక్కినది, పాఠము చెడినది.

ఈ నాలుగింటిని ఒక్కత్రాట గ్రుచ్చుటకు మఱి కొంతకాలము పట్టెను. గాయమనగా ఏమియో ముందు తెలియవలెను. 1960లో హాలండు దేశస్థులగు బ్యూకర్సు, బెరెండ్సు అనువారు దానిని తెలిపిరి. డి.ఎన్.ఏ. యందలి నాలుగక్షరములలో థైమీను ఒకటి. రెండు థైమీనులు ప్రక్కప్రక్కల నున్నచోట ఈ కిరణము సోకినచో అవి రెండును అంటుకొనిపోవును. పత్రముపై ప్రక్కప్రక్కల నున్న రెండక్షరములు కలిసి ఒక మరకయైనట్లు. అచ్చటికి వచ్చిన లేఖకుడు చదువలేక ఆగిపోవును.

మరకను బాగుచేయు పద్ధతులు మూడు. మొదటిది, డుల్బెకో చూచినది. ఫోటోలయేజు వెలుగు సాయమున అంటుకొన్న యక్షరములను విడదీయును; పాఠము యథాతథముగా నిలుచును. రెండవది 1964లో సెట్లో, క్యారియరు అనువారును, హోవర్డు ఫ్లాండర్సు, బాయిసు అనువారును వెల్లడించినది. చెడినభాగమును కత్తిరించివేసి, ఎదుటి ప్రతిని చూచి క్రొత్తగా వ్రాయుట. డి.ఎన్.ఏ. రెండు పేటలుగా నుండుటచేత, ఒకదాని చెడును రెండవది చూచి దిద్దవచ్చును. ఈ శక్తి లోపించిన బాక్టీరియాలలో, గాయపడిన ఫేజీలు మామూలు బాక్టీరియాలలో కంటె చాల తక్కువగా బ్రతుకుచున్నవి. మూడవది ఆపద్ధర్మము. పురుగు తిన్న తాళపత్రమును ప్రతిచేయు లేఖకునికి వేఱొక ప్రతి దొరకనప్పుడు, చిల్లుపడినచోట తనకు తోచిన యక్షరము వ్రాసి ముందునకు సాగును. గ్రంథము పూర్తియగును, అపపాఠములు చేరును. పాఠాంతరముల చిక్కులతో ప్రొద్దుపుచ్చిన పండితులకు ఈ విషయము చెప్పవలసినపని లేదు.

ఈ ఆపద్ధర్మమును గూర్చి ఎవెలిను విట్కిను అను విదుషి 1967లో ఒక మూలభావము వెలువరింపగా, మిరోస్లావు రాడ్మాను అను శాస్త్రజ్ఞుడు దానిని 1974లో ప్రకటించిన సిద్ధాంతముగా విస్తరించెను. సముద్రమున మునుగు ఓడ నిస్తంత్రీ వార్తగా పంపెడి ఎస్.ఓ.ఎస్. అను ఆర్తనాదము పేరే రాడ్మాను దీనికి పెట్టెను. దీని మర్మమిది. మామూలుగా ఇంట లెక్స్-ఏ అనెడి కావలివాడు మరమ్మతు పనివారిని లోపలనే ఆపియుంచును. గ్రంథము గాయపడగానే రెక్-ఏ అనెడి దూత ఆ గాయమును కౌగిలించుకొని కావలివానిని తాకును. కావలివాడు తనంతట తానే తెగిపోవును. అప్పుడు దాదాపు నలువది జన్యువులు మేల్కొని మరమ్మతు సాగించును. ఊహతో అక్షరము పూరించు లేఖకుడును వీరిలో నొకడు. ఆ పని నిజముగా చేయు మాంసకృత్తు ఏదియో 1999లో స్పష్టముగా తేలెను.

ఇప్పుడు వైగిల్ చూచినదానికి ప్రధానకారణము తేటయగును. ముందే గాయపడిన యింట మరమ్మతువారు లేచి పనిలోనున్నారు. అప్పుడు వచ్చిన గాయపడిన యతిథి పత్రమునకును వారే మరమ్మతు చేసిరి. తొందరపని గనుక తప్పులును దొర్లెను. ల్వోఫు చూచినదియు దీనితోనే విడిపోవును. లాంబ్డా వంటి ఫేజీ నిద్రించునప్పుడు దానినొక మాంసకృత్తు అణచియుంచును. ఆ మాంసకృత్తు లెక్స్-ఏ కు జ్ఞాతి వంటిది. దూత తాకినంతనే అదియు తెగిపోవును. ఫేజి లేచి, ఇల్లు కూలకముందే తన ప్రతులెత్తించుకొని వెలువడును. ఇంటి యార్తనాదమే దొంగకు సంకేతమయ్యెను.

మఱి మనుష్యుల మాటయేమి? 1970లో బాక్‌స్టాలరు, లిటిల్ అను అమెరికా పరిశోధకులు కోతి మూత్రపిండ కణములను మితముగా కిరణములకు గురిచేసి, వానిలో గాయపడిన హెర్పీసు వైరసును ప్రవేశపెట్టగా, అది గాయపడని కణములలో కంటె ఎక్కువగా బ్రతికెను. వైగిల్ బాక్టీరియాలో చూచినదానికి పోలిక జంతుకణములలోను కనబడెను. అయితే ఫలము పోలినంతమాత్రమున యంత్రాంగము ఒక్కటే యనరాదు. మన కణములలో లెక్స్-ఏ కావలి లేదు, ఫోటోలయేజు వైద్యుడును లేడు. పెదవిపొక్కుల హెర్పీసు వైరసు ముఖమునకు చెందిన నరముల కణములలో దాగియుండును. ఎండ పెదవిచర్మమును గాయపఱచి, అచ్చటి రక్షణబలమును తగ్గించినప్పుడు అది నరము వెంబడి వచ్చి పొక్కులు లేపును. మార్గము వేఱు, నీతి మాత్రమొక్కటియే. కిరణము తాకినది వైరసును గాదు, అది కాపురమున్న దేహమును.

ఈ చరిత్ర వలన రోగులకు మేలు కలిగెను. ఎండకన్నెఱుగనీయకుండ పెంచవలసిన కొందఱు బిడ్డలు కలరు. కొంచెము వెలుగు సోకినను వారి చర్మము మచ్చలుపడి, బాల్యముననే కేన్సరు కలుగును. జీరోడెర్మా పిగ్మెంటోజము అని ఆ వ్యాధి పేరు. 1968లో జేమ్సు క్లీవరు, వారి కణములలో చెడినభాగమును కత్తిరించి దిద్దు శక్తి కొఱవడినదని కనుగొనెను. మఱుసటి సంవత్సరమే, గాయపఱచిన హెర్పీసు వైరసు ఆరోగ్యవంతుల కణములలో కంటె ఆ రోగుల కణములలో తక్కువగా వృద్ధిచెందుచున్నదని తేలెను. అనగా వైరసే పరీక్షకునిగా మాఱెను. దానికి గాయము చేసి రోగి కణములలో పంపి, ఎంతవఱకు బాగుపడి వచ్చునో చూచినచో, ఆ కణముల మరమ్మతు శక్తి తెలియును. డి.ఎన్.ఏ. మరమ్మతు రహస్యములను విప్పిన లిండాలు, మోడ్రిచ్, సాంకారు అను మువ్వురికి 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

ఇది మన గ్రామములకు సంబంధించని విద్య యని తలంపకుడు. రెండు విషయములు మనవి చేసెదను. 2020లో కరోనా ప్రబలినప్పుడు అతినీలలోహిత దీపములు అంగళ్లకు వచ్చెను. వానితో చేతులను గాని ఒడలిని గాని శుద్ధిచేయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆనాడే హెచ్చరించెను. మనుష్యులు లేని గదికిని, త్రాగెడి నీటికిని ఆ దీపము మంచిదే. దేహముపై ప్రయోగించినచో అది పైనున్న వైరసును మాత్రమే వెదకి చంపదు. క్రిందనున్న కణముల గ్రంథమునుగూడ మరకలుచేయును. రెండవది మందుల సంగతి. సిప్రోఫ్లాక్ససిను వంటి కొన్ని మందులు బాక్టీరియాల డి.ఎన్.ఏ. ను గాయపఱచియే పనిచేయును. ఆ గాయము కిరణపు గాయమువలెనే ఎస్.ఓ.ఎస్. ను లేపును. చావక మిగిలిన బాక్టీరియాలలో అపపాఠములు పెరుగును. అందేదో ఒకటి మందునకు లొంగని గుణమునీయవచ్చును. ఇ.కోలి జాతులలో ఒకదానికి విషముచేయు జన్యువు నిద్రించు ఫేజి పత్రముననే కలదు. ఇట్టి మందు తగిలినచో ఆ ఫేజి లేచి విషము హెచ్చవచ్చును. అందుచేతనే ఆ జాతివలన కలిగిన నెత్తురు విరేచనములకు వైద్యులు ఇట్టి మందులీయ సంకోచింతురు. కావున వైద్యుడు చెప్పని మందును అంగడిలో కొని మ్రింగుటయు, ఒకరికిచ్చిన మందును మఱియొకరు వాడుటయు మంచిది కాదు.

కిరణము సూక్ష్మజీవిని చంపును అనునది ఉత్సర్గము. అది తప్పు కాదు. కాని వ్యాకరణమున వలె ఇచ్చటను అపవాదములు కలవు. కిరణము కణమును చంపియు వైరసును పెంచవచ్చును, నిద్రించుదానిని లేపవచ్చును, గాయపడినదానిని బ్రతికించి, బ్రతికించుచునే మార్చవచ్చును. దెబ్బ ఎంతయో, తగిలినది ఎవరికో, ఆ యింట మరమ్మతువారెవరో తెలిసినగాని ఫలము చెప్పరాదు. వైరసునకు స్వంత భాగ్యమనునది స్వల్పము; అది చొచ్చిన యింటి స్థితియే దాని భాగ్యము. పరుపులను, చాపలను నిస్సంశయముగా ఎండవేయుడు. నడియెండ వేళ పొలమునకు పోవునప్పుడు మాత్రము తలపాగా ముఖముమీదికి దించుకొనుడు.